చీకటి పట్టజాలని వెలుగు

నిమ్‌పురాలో రాత్రివేళ పూర్తిగా చీకటి పడదు. ఖరగ్‌పూర్ రైల్వే యార్డు దీపములు తెల్లవార్లు వెలుగుచునే యుండును. గూడ్సు పెట్టెలు ఒకదానితో నొకటి తగిలి మ్రోగు చప్పుడు ఇండ్లలోనికి వినవచ్చుచుండును. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగు జిల్లాలు విడిచి పనికై ఇక్కడికి వచ్చి, తరతరములుగా నిలిచిపోయిన కుటుంబములు ఈ ఊరిలో అనేకములు గలవు. వారికి బజారులో బెంగాలీ, పనిలో హిందీ, ఇంటిలో తెలుగు. వారిలో క్రైస్తవులైనవారు సాయంకాలము కుటుంబ ప్రార్థనకు కూర్చుండినప్పుడు తెరచునది తెలుగు బైబిలే. యోహాను సువార్త మొదటి అధ్యాయము చదువునప్పుడు, చీకటిలో ప్రకాశించు వెలుగునుగూర్చిన ఆ మాట తమకు తమ భాషలో ఏ దారిని వచ్చెనో తలంచువారు అరుదు. ఆ దారిలో ఒక ముఖ్యమైన మజిలీ నిమ్‌పురాకు ఎంతో దూరమున లేదు. హౌరా చేరి, అక్కడ బండి మారి, హుగ్లీ నది వెంబడి మరి కొంత దూరము పోయినచో శ్రీరాంపూరు వచ్చును. 1818వ సంవత్సరములో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయినది అక్కడనే. దానిని అచ్చువేయించినవాడు తెలుగు దేశమున ఒక్కమారైనను అడుగుపెట్టని మనుష్యుడు, ఒకప్పుడు చెప్పులు కుట్టి బ్రదికినవాడు, విలియం కేరీ.

1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అను పల్లెలో ఆయన జన్మించెను. తండ్రి ఎడ్మండు నేతపని చేయువాడు, తరువాత ఆ పల్లె బడికి పంతులయ్యెను. విలియమునకు చిన్నతనమున ఒక చర్మవ్యాధి యుండెను. ఎండ సోకినచో అతనికి బాధ కలుగుచుండెను. అందువలన పొలములో కూలిపని అతనికి తగదని తలంచి, తండ్రి అతనిని నీడపట్టున చేయు పనికి, అనగా చెప్పులు కుట్టు పనికి అప్పగించెను. వెలుగును భరింపలేని దేహము గల ఆ బాలుడు తరువాత నలువది సంవత్సరములు బెంగాలు ఎండలో గడపెను. దేవుని యేర్పాటులు ఇట్లుండునని ఎవరు ఊహింపగలరు?

ఆ చెప్పుల దుకాణములోనే జాన్ వార్ అను తోటి పనివాని మూలముగా అతడు ప్రభువును ఎరిగెను. 1783లో నేన్ నదిలో బాప్తిస్మము పొందెను. చిన్న సంఘములకు కాపరియై, జీతము చాలక చెప్పులు కుట్టుచు, బడి నడుపుచు, లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను స్వయముగా అభ్యసించెను. కెప్టెన్ కుక్ సముద్రయాన గ్రంథములు చదివి, సువార్త వినని జనములనుగూర్చి ఆలోచింపసాగెను. గోడకు తగిలించిన ఒక పటమున దేశదేశముల జనసంఖ్యను, మతములను వ్రాసికొనుచుండెను. 1792లో అన్యజనుల మధ్య సువార్త ప్రకటించు బాధ్యతనుగూర్చి ఒక చిన్న గ్రంథమును ప్రచురించెను. ఆ యేడాది అక్టోబరు 2న కెటరింగ్ పట్టణమున కొద్దిమంది బాప్టిస్టు కాపరులు ఒక ఇంట కూడి మిషనెరీ సంఘమును స్థాపించిరి. ఆ రాత్రి వారు వ్రాసికొన్న చందా పదుమూడు పౌండ్ల రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు మాత్రమే.

కేరీ జీవితమును వ్రాసిన అనేకులు ఇచ్చటనుండి ఒక్కమారు విజయములలోనికి దుముకుదురు. అయితే ఆయన ఇంటిలోని ఒకరిని దాటి పోవుట న్యాయము కాదు. ఆమె ఆయన భార్య డోరతీ. 1781లో వివాహమైననాటికి ఆమెకు చదువు రాదు. వివాహపు పుస్తకమున సంతకమునకు బదులుగా గుర్తు పెట్టెను. మొదటి బిడ్డ పసితనముననే మరణించెను. భర్త ఇండియాకు పోవ నిర్ణయించినప్పుడు ఆమె రానని చెప్పెను. అప్పుడామె గర్భవతి. కేరీ పెద్ద కుమారుడైన ఫెలిక్సును మాత్రము వెంటబెట్టుకొని బయలుదేరెను. ప్రయాణమునకు ఆటంకము కలిగి, ఎక్కిన ఓడ దిగవలసి వచ్చెను. ఆ యెడమున బిడ్డ పుట్టెను. సహచరుడగు వైద్యుడు జాన్ థామస్ మరల పోయి ఆమెను ఒత్తిడి చేయగా, తన చెల్లెలు తోడు వచ్చునట్లయిన తానును వత్తునని ఆమె సమ్మతించెను. 1793 జూన్ 13న డేనిష్ ఓడ యొకటి వారినందరిని ఎక్కించుకొని బయలుదేరెను. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొని ఆమె ఐదు నెలలు సముద్రముపై గడపెను. నవంబరులో వారు బెంగాలు చేరిరి.

చేరిననాట చేతిలో డబ్బు లేదు, తలదాచుకొన ఇల్లు లేదు. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వమునకు మిషనెరీలు గిట్టరు. కొంతకాలము సుందరవనముల అంచున అడవి కొట్టుకొని బ్రదుక యత్నించి, 1794లో మాల్దా ప్రాంతమున మదనావతి అను చోట నీలిమందు కర్మాగారమునకు కేరీ నిర్వాహకుడయ్యెను. ఆ యేడాదియే ఐదేండ్ల కుమారుడు పీటరు విరేచనముల వ్యాధితో మరణించెను. గోతిని త్రవ్వుటకును, పెట్టెను మోయుటకును మనుష్యులు దొరకుట దుర్లభమయ్యెను. తాకినచో కులము పోవునని ప్రతివాడును వెనుదీసెను. ఆ దినములు గడచిన కొలది మాసములకే డోరతీ మనస్సు చెదరెను. భర్తను అనుమానించి, వీధిలో దూషించి, కొన్నిసార్లు మీదికి వచ్చి, తరువాత తరువాత గదిలో నుంచి కాపాడవలసిన స్థితికి ఆమె చేరెను. 1807లో మరణించువరకు, సుమారు పండ్రెండు సంవత్సరములు ఆ చీకటి ఆమెను విడువలేదు.

కేరీ తప్పేమియు లేదని చెప్పుట సులభము కాదు. రానన్న స్త్రీని పరదేశమునకు తెచ్చుటలోను, కొడుకు పోయిన దుఃఖమున ఆమెను ఒంటరిగా విడిచి భాషాభ్యాసములో మునుగుటలోను ఆయన ప్రమేయము లేకపోలేదు. అయినను ఆమెను ఇంటినుండి పంపివేయక, చివరివరకు తన ఇంటనే ఉంచుకొనెను. ఆయన అనువాదము చేయు గదికి ప్రక్క గదిలోనే ఆమె కేకలు వినవచ్చుచుండెను. యోహాను సువార్తను బెంగాలీలోనికి దింపిన కలము ఆ కేకల నడుమనే నడచెను. చీకటి అనునది సువార్త వినని దేశములలోనిది మాత్రమే యని ఆ కాలపు ఇంగ్లీషు క్రైస్తవులు తలంచుచుండిరి. కేరీకి అట్లు తలంచు వీలు లేకపోయెను. అది ఆయన ఇంటిలోనే కాపురముండెను. స్వదేశమునందును ఆయన దానిని చూచినవాడే. వెస్టిండీసు బానిసల చెమటతో తయారగు పంచదారను ఇంగ్లండులో నున్నప్పుడే మానివేసియుండెను.

ఏడు సంవత్సరములు గడచినను బెంగాలీయులలో ఒక్కరును ప్రభువు నొద్దకు రాలేదు. 1800 జనవరిలో కేరీ కుటుంబము శ్రీరాంపూరు చేరెను. అది అప్పుడు డేనిష్ వారి ఏలుబడిలో నుండుటచేత మిషనెరీలకు నిలుచుటకు నీడ దొరకెను. బడిపంతులు జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, అచ్చుపని తెలిసిన విలియం వార్డు అక్కడ ఆయనతో కూడిరి. మదనావతినుండి తెచ్చిన కొయ్య అచ్చుయంత్రమును నిలిపిరి. అక్షరములు చెక్కుటలో దిట్టయైన పంచానన కర్మకారుడును, అతని తరువాత అల్లుడు మనోహరుడును ఒకదాని వెంట నొకటిగా ఈ దేశపు లిపులకు సీసపు అక్షరములు సిద్ధపరచిరి. మిషనెరీల పేర్లు ఎరిగినవారు ఈ ఇద్దరు కమ్మరుల పేర్లు కూడ ఎరిగియుండుట మంచిది. అక్షరము లేనిదే అచ్చు లేదు గదా.

ఆ యేటి చివర కృష్ణపాలుడను వడ్రంగికి నదీతీరమున జారిపడుటవలన భుజము తొలగెను. థామస్ వైద్యుడు దానిని సరిచేయుచు అతనికి క్రీస్తును ప్రకటించెను. కృష్ణపాలుడు విని నమ్మెను. మిషనెరీలతో కూర్చుండి భోజనము చేసి కులమును విడిచెను. ఊరు అతని ఇంటిమీదికి వచ్చెను. 1800 డిసెంబరు 28న, ఆదివారమున, హుగ్లీ నదిలో కేరీ మొదట తన కుమారుడు ఫెలిక్సునకును, తరువాత కృష్ణపాలునికిని బాప్తిస్మ మిచ్చెను. డేనిష్ గవర్నరు సహా అనేకులు గట్టున నిలిచి చూచుచుండిరి. ఏడేండ్ల కన్నీటికి అది ప్రతిఫలము. అయితే అదే గడియలో మిషను ఆవరణలో రెండు గదులు మూయబడియుండెను. ఒకదానిలో డోరతీ. రెండవదానిలో థామస్. పదునాలుగు సంవత్సరములుగా ఎదురుచూచిన తొలి ఫలము కంటబడగా ఆ సంతోషమునకు అతని మతి తట్టుకొనలేకపోయెను. నదిలో స్తోత్రగీతములు, గదులలో కేకలు. ఆ దినమును తలంచినప్పుడెల్ల కేరీకి ఈ రెండును కలిసియే వినబడియుండును. వెలుగు వచ్చిన దినమున చీకటి ఇల్లు ఖాళీ చేయలేదు. వెలుగు దానిలోనే వచ్చెను.

యోహాను తన సువార్త ఆరంభమున వాడిన గ్రీకు క్రియ ఒకటి అనువాదకులకు ఎల్లప్పుడును పరీక్షయే. చీకటి ఆ వెలుగును గ్రహింపలేదని మన తెలుగు బైబిలు చెప్పుచున్నది. ఆ మాటకు లోబరచుకొనుట, జయించుట అను అర్థమును గలదు. పట్టుకొనుట అను మన తెలుగు మాటకు ఈ రెండు భావములును కొంతవరకు ఇముడును. మనస్సుతో పట్టుకొనుటయు పట్టుకొనుటయే, చేతితో పట్టి అణచుటయు పట్టుకొనుటయే. వెలుగు ప్రకాశించుచున్నదను క్రియ మాత్రము వర్తమానమున నున్నది. చీకటి పోయిన తరువాత ప్రకాశించునని యోహాను వ్రాయలేదు. ఇట్టి మాటల యెదుట కేరీ ఒక్కొక్క భాషలో కూర్చుండవలసి వచ్చెను.

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడెను. తొలి ప్రతిని ప్రభువు బల్లపై ఉంచి సంఘమంతయు స్తుతి చెల్లించెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో కేరీ బోధకుడుగా నియమితుడై, బెంగాలీ, సంస్కృతము, తరువాత మరాఠీ నేర్పెను. జీతమున అధికభాగమును మిషనుకే ఇచ్చివేసెను. ఆ కళాశాలయందు దేశమంతటినుండి వచ్చిన పండితులు దొరికిరి. వారి సాయమున ఒడియా, మరాఠీ, హిందీ, సంస్కృతము, తెలుగు, కన్నడము, పంజాబీ మొదలగు భాషలలో అనువాదములు ఆరంభమయ్యెను. తుదకు శ్రీరాంపూరునుండి దాదాపు నలువది భాషలలో లేఖనభాగములు వెలువడెను.

ఇదే కాలమున విశాఖపట్నమున లండను మిషను వారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజి అనువారు 1805లో వచ్చి తెలుగులో సువార్తలను అనువదింపసాగిరి. ఆనందరాయడను బ్రాహ్మణ విశ్వాసి వారికి కుడిభుజముగా నుండెను. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజి 1810లోను మరణించిరి. వారు తయారుచేసిన మూడు సువార్తలు అచ్చుకు వచ్చినదియు శ్రీరాంపూరుకే. అంతకు ఎనుబది యేండ్ల ముందు బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనెరీ చేసిన తెలుగు అనువాదము అచ్చునకు నోచుకొనక చేవ్రాతగానే మిగిలిపోయియుండెను.

1812 మార్చి 11, బుధవారము. కేరీ కలకత్తాలో నుండెను. సాయంకాలము ఆరుగంటల వేళ వార్డు తన బల్లయొద్ద పని చూచుకొనుచుండగా, రెండువందల అడుగుల పొడవుగల ముద్రణాలయపు మరియొక కొననుండి పొగ లేచెను. అది కాగితము నిలువచేయు చోటు. తలుపులు కిటికీలు మూయించి, పైకప్పుకు రంధ్రము చేసి నీళ్లు పోయించిరి. గాలి ఆడకుండుటచేత నిప్పు అణగుచుండెను. ఇంతలో ఎవరో తొందరపడి ఒక కిటికీని తెరచిరి. గాలి దూరినంతనే మంట లేచి భవనమంతటిని చుట్టుకొనెను. అర్ధరాత్రి వేళకు పైకప్పు కూలెను. నదికి ఆవలి ఒడ్డువరకు కనబడిన ఆ వెలుగు నిజమునకు చీకటి పనియే. నిప్పు ఎట్లు పుట్టెనో ఎన్నడును తెలియలేదు.

పదునాలుగు భాషల సీసపు అక్షరములు కరగి ముద్దలయ్యెను. కాగితపు కట్టలు బూడిదయ్యెను. కేరీ సంవత్సరములు శ్రమించి కూర్చుచుండిన బహుభాషా నిఘంటువు పోయెను. రామాయణానువాదపు ప్రతులు పోయెను. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు ఆ మంటలోనే పోయెను. నష్టము డెబ్బదివేల రూపాయలని అంచనా వేసిరి. నాటి రూపాయలవి. అయితే వ్రాతప్రతులు రూపాయలతో మరల దొరకునవి కావు.

మరునాడు మార్ష్‌మన్ కలకత్తా పోయి కేరీకి వార్త చెప్పెను. సాయంకాలమునకు తిరిగివచ్చిన కేరీ ఆ బూడిద నడుమ నడచి కన్నీరు పెట్టుకొనెను. అప్పటికే వార్డు పనివారిని పెట్టి శిథిలములను కదిలింపజేయుచుండెను. అచ్చుయంత్రములు ప్రక్క గదిలో నుండుటచేత మిగిలెను. అంతకంటె ముఖ్యమైనవి, అక్షరములు పోతపోయుటకు ఆధారమైన ఉక్కు అచ్చులును మూసలును బూడిద క్రింద చెడక దొరకెను. కరగిన సీసమును ప్రోగుచేసి, దానినే మరల కరగించి, రాత్రింబగళ్లు క్రొత్త అక్షరములు పోసిరి. నిప్పు మ్రింగిన లోహమే నిప్పులోనుండి మరల అక్షరములై వచ్చెను. లోకోషెడ్డులోను వర్క్‌షాపులోను జీవితము గడపిన ఖరగ్‌పూర్ పెద్దలకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. మూస నిలిచినచో పోత మరల వచ్చునని వారెరుగుదురు.

ఆ ఆదివారమున కేరీ నలువదియారవ కీర్తనపై ప్రసంగించెను. ఊరకుండి దేవుడే దేవుడని తెలిసికొనుమను పిలుపు అందులోనిదే. తన ఇష్టప్రకారము మనలను నడుపుటకు దేవునికి అధికారము గలదనియు, ఆయన చేయుదానికి లోబడుట మనుష్యుని ధర్మమనియు ఆ ప్రసంగపు సారము. తరువాత ఆయన పోయిన గ్రంథములను మొదటి పుటనుండి వ్రాయ మొదలుపెట్టెను. రెండవసారి నడచు దారి మొదటిదానికంటె బాగుగా తెలియునని తలంచెను. ఇంగ్లండు, స్కాట్లండు దేశములలోని క్రైస్తవులు కొద్ది వారములలోనే నష్టమంతటికిని సరిపడు ధనమును కూర్చిరి. అంతవరకు శ్రీరాంపూరు పేరు ఎరుగనివారు సహితము ఆ అగ్నివలననే దానిని ఎరిగిరి.

తెలుగు వ్యాకరణము 1814లో వెలువడెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లోను, మోషే పంచకాండములు 1821లోను అచ్చయ్యెను.

నిజమును దాచవలసిన పని లేదు. ఆ అనువాదము తెలుగువారి మధ్య ఎక్కువకాలము నిలువలేదు. ఒక్క మనుష్యుడు ఇన్ని భాషలను పర్యవేక్షించినచో ప్రతి భాష యొక్క నుడికారమును పట్టుట అసాధ్యము. శ్రీరాంపూరు ప్రతులలో అనేకము తరువాతి పండితుల విమర్శకు గురియయ్యెను. విశాఖపట్నమున ప్రిట్చెట్, గార్డన్, ఆ తరువాత వార్డ్‌లా, హే మొదలగువారు చేసిన కృషి మీదనే మన బైబిలు నిలిచియున్నది. కేరీ ఈ సంగతిని ఎరుగనివాడు కాడు. తన బెంగాలీ అనువాదమునే మరల మరల సరిదిద్దుకొనుచు పోయినవాడు, తెలుగు ప్రతి శాశ్వతమని భ్రమపడియుండడు. చీకటిలో మొదట వెలిగించిన దివ్వెకు కొంత పొగ ఉండును.

1818లోనే శ్రీరాంపూరు కళాశాల ఆరంభమయ్యెను. 1827లో డెన్మార్కు రాజు దానికి పట్టములిచ్చు అధికారమును దయచేసెను. తెలుగు సంఘ కాపరులలో ఎందరో తమ వేదాంత పట్టమును నేటికిని శ్రీరాంపూరు పేరుతోనే పొందుచున్నారు. 1820లో అచ్చు కాగితము తయారుచేయుటకై ఇంగ్లండునుండి ఒక ఆవిరి యంత్రమును తెప్పించిరి. ఈ దేశమునకు వచ్చిన తొలి ఆవిరి యంత్రములలో అది యొకటి. దానిని చూచుటకు జనులు గుంపులుగా వచ్చుచుండిరి. కేరీ గతించిన ఇరువది యేండ్లకు, 1854లో, హౌరానుండి బయలుదేరిన తొలి రైలుబండి శ్రీరాంపూరులో ఆగెను.

1799లో కేరీ ఒక సతీసహగమనమును కన్నులార చూచెను. ఆపుటకు ప్రయత్నించి విఫలుడయ్యెను. ఆ చితి వెలుగును ఆయన మరువలేదు. ముప్పది సంవత్సరములు విజ్ఞాపనలు చేయుచు, లెక్కలు సేకరించుచు, శాస్త్రములు దానిని విధింపలేదని పండితులచేత చెప్పించుచు వచ్చెను. రామమోహనరాయలు మొదలగువారు తమ వైపునుండి పోరాడుచుండిరి. 1829 డిసెంబరు 4న గవర్నరు జనరల్ బెంటింకు దానిని నిషేధించెను. శాసనమును బెంగాలీలోనికి మార్చుటకై కేరీకి పంపిరి. అది ఆయనకు ఆదివారము ఉదయమున, ఆరాధనకు సిద్ధమగు వేళ చేరెను. ప్రసంగ వేదికను మరియొకరికి అప్పగించి ఆయన పండితునితో కూర్చుండెను. ఒక్క గంట ఆలస్యమైనచో ఎక్కడనో ఒక విధవ చితినెక్కవచ్చును. సంజవేళకు అనువాదము పూర్తియయ్యెను. విశ్రాంతి దినమున ఆయన అంత కష్టపడి చేసిన పని బహుశః మరియొకటి లేదు.

డోరతీ మరణించిన తరువాత 1808లో కేరీ షార్లెట్ రూమోర్ అను డేనిష్ స్త్రీని వివాహమాడెను. కుంటిదైనను బహు భాషలెరిగిన ఆమె పదుమూడేండ్లు ఆయన పనిలో తోడైయుండి 1821లో గతించెను. కడపటి సంవత్సరములలో ఇంగ్లండులోని సంఘముతో భేదములు, ఋణములు, నది వరదలు ఆయనను వేధించెను. ఆ వివరములు ఇచ్చట అనవసరము. ఆయన మొక్కలను ప్రేమించెను. తోటలో తెల్లవారుజామున ప్రార్థించుట ఆయన అలవాటు. నడువలేని దినములలో బండిలో కూర్చుండి ఆ తోట చుట్టును త్రిప్పించుకొనెడివాడు.

1834 జూన్ 9 ఉదయమున ఆయన కన్నుమూసెను. నలువది సంవత్సరములలో ఒక్కమారైనను స్వదేశము చూడ పోలేదు. సమాధి రాతిపై పేరు, జనన మరణ తేదీలు, ఐజాక్ వాట్స్ కీర్తనలో తన అయోగ్యతను ఒప్పుకొని ప్రభువు చేతులలో వ్రాలు పాపి మాటలు రెండు పంక్తులు, ఇంతకు మించి ఏమియు చెక్కరాదని ముందుగనే వ్రాసియుంచెను. శ్రీరాంపూరు మిషను సమాధి తోటలో ఆయన దేహమును ఉంచిరి. ఆ తోటలోనే, ఆయనకు ఇరువదియేడు సంవత్సరముల ముందు చేరి, డోరతీ నిద్రించుచున్నది.